మట్టయ్య అసలు జీతం

మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో మట్టయ్య పేరుమోసిన ఫిట్టర్. 2012లో అతని జీతం నెలకు ముప్పైవేలు. అయినా ఇంట్లో పేదలకిచ్చే తెల్ల రేషన్‌కార్డు ఉండేది. ఆఫీసువాళ్లెవరైనా జీతం అడిగితే ఏం చెప్పాలో భార్య మణెమ్మకు తనే నేర్పి పెట్టాడు.

ఆ ఏడు ఒక విదేశీ కంపెనీ మట్టయ్యకు ఉద్యోగం ఇస్తానంది. నిపుణులకిచ్చే వీసా కావాలి. "ఈడ జీతం తక్కువున్నోన్ని గాడ పనిమంతుడని నమ్మరు" అన్నాడు కోదాడ ఏజెంటు. చేతిపని చూడకుండా జీతం చూసి పనితనం తేల్చే ఆ దొరల తెలివికి నాకైతే ఒళ్లు మండింది. మట్టయ్య మాత్రం జన్మలో మొదటిసారి దరఖాస్తులో అసలు జీతం రాశాడు.

కొన్నాళ్లకు వీసా ఆఫీసు నుంచి ఎవరో ఇంటికి ఫోన్ చేసి, మీ ఆయన జీతమెంత అని తెలుగులోనే అడిగారు.

"మూడువేలు సారూ. అవి గూడ టైముకు రావు" అంది మణెమ్మ.

సాయంత్రం భర్త రాగానే సంబరంగా చెప్పింది. "ఆఫీసోళ్లు ఫోన్ చేసిండ్రు. నువ్వు నేర్పినట్టే చెప్పిన."

వీసా రాలేదు. మట్టయ్య మళ్లీ దరఖాస్తు పెట్టాడు. ఈసారి ఇంట్లో ఉన్నంతసేపూ ఫోన్ పక్కనుంచి కదల్లేదు. ఒక ఆదివారం అది మోగింది. ఆఫీసు నుంచని చెప్పి, జీతమెంతని అడగ్గానే ఛాతీ విరుచుకున్నాడు.

"ముప్పైవేలు సార్. జీతం కాయితాలు గూడ ఉన్నయ్, పంపమంటరా?"

"అక్కర్లేదు" అన్నాడు అవతలి మనిషి. "రేషన్‌కార్డుల సర్వే. గీ మాట చాలు."