పసుపు నీళ్ళు తాగిన మినీ

మొన్న షార్జాలో, అల్ నహ్దా పేటలో మా బిల్డింగు కింద కొత్త కారొకటి ఆగింది. పేరు చూస్తే మినీ, ఒళ్ళు చూస్తే మా పెళ్ళినాటి బీరువాని పడుకోబెట్టినంత ఉంది. ఇదేం మినీ, నా మొహం, అనుకున్నాను గానీ, ఆ పేరు చూడగానే కరోనా మొదటి వేసవి, మా అత్తగారు, ఆ అసలు మినీ అన్నీ కళ్ళముందుకొచ్చి, కూరల సంచీతో అలాగే నిలబడిపోయాను.

మా ఆయన ఇక్కడే ఒక గ్యారేజీలో ఫోర్‌మన్. ఆ ఏడు సంగతి మీకు చెప్పక్కర్లేదు, పనుల్లేక సగంమందిని ఇంటికి పంపేశారు. విజిట్ వీసా మీద మమ్మల్ని చూడ్డానికొచ్చిన మా అత్తగారు విమానాలు ఆగిపోయి మాతోనే చిక్కుకుపోయారు. గ్యారేజీ యజమాని, అంటే మా వీసాలకి పూచీ ఉన్న కఫీల్, వాళ్ళ నాన్నగారి మినీ ఓ మూల దుమ్ముకొట్టుకుపోయి ఉంటే, దాన్ని నడిపించి చూపిస్తే పాతకార్ల పనితో గ్యారేజీ నిలబెడతాను, నీ వీసా రెన్యూ చేస్తాను, లేదంటే ఖలాస్ అన్నాడట. మా పిల్లదాని చదువుతో సహా మా బతుకంతా ఆ బుల్లి ఇంజను మీద పడింది.

ఇక ఆయనకి తిండీ నిద్రా అదే. ఇంగ్లండులో పెట్రోలుకి కటకటలాడిన రోజుల్లో పుట్టిందట ఈ కారు, కొంచెం తాగి నలుగురిని మొయ్యాలని ఇంజనుని అడ్డంగా తిప్పి, గేర్‌బాక్సుని దాని కిందే సర్ది, చక్రాలని నాలుగు మూలలకీ నెట్టేశారట. అన్నం కలుపుతూ ఆయనిదంతా చెబుతుంటే, ఇరుకింట్లో కాపురం చేసినవాడే కట్టుంటాడ్రా దీన్ని, అని అత్తగారు తెగ మెచ్చుకునేవారు.

కఫీల్ వస్తానన్న శుక్రవారం పొద్దున్న కారు చక్కగా స్టార్టయింది. కొత్తగా రోడ్డెక్కే బండికి పూజ చెయ్యకపోతే ఎలాగని అత్తగారు పట్టుబట్టి నన్నూ గ్యారేజీకి లాక్కెళ్ళారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్‌కి బొట్టుపెట్టి, మా ఆయన చేతులు కడుక్కోడానికి అటు వెళ్ళగానే, చెంబుడు పసుపు నీళ్ళు ముందున్న జాలీ మీద భక్తిగా, ధారాళంగా కుమ్మరించేశారు. అప్పుడే గేటు దగ్గర కఫీల్ బండి ఆగింది.

తాళం తిప్పితే గుర్రుమంటుంది గానీ అంటుకోదు. మళ్ళీ తిప్పారు, మళ్ళీ అంతే. మాస్కు పైన మా ఆయన కళ్ళు చూశాను. అయిపోయింది, ఇక పెట్టేబేడా సర్దుకోవడమే అనుకున్నాను.

"ఒరేయ్, నీళ్ళు చాల్లేదేమో, ఇంకో చెంబు పొయ్యనా?" అన్నారు అత్తగారు.

ఆయన ఉలిక్కిపడి బానెట్ ఎత్తారు. ఇంజనుకి నిప్పందించే డిస్ట్రిబ్యూటరు ఈ కారులో జాలీ వెనకాలే ఉంటుంది, తడిస్తే బండి మొండికేస్తుంది. ఇప్పుడది పసుపు ఓడుతోంది. కఫీల్ కూడా వంగి చూశాడు. చూసి, పెద్దగా నవ్వేశాడు. చిన్నప్పుడు కల్బా వెళ్తూ వానలో చిక్కుకుంటే వాళ్ళ నాన్న ఇలాగే ఆపి, తలగుడ్డ తీసి దాన్ని తుడిచేవాడట. ఈలోగా అత్తగారు తన నేతచీర కొంగే అందించారు. తుడిచి తాళం తిప్పగానే మినీ అందుకుంది, నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"అమ్మాజీ, యల్లా, బైఠో" అని కఫీల్ మొట్టమొదట ఆవిడనే ఎక్కించుకుని గ్యారేజీ చుట్టూ తిప్పాడు.

వీసా రెన్యూ అయింది, మా ఆయన ఉద్యోగం ఈనాటికీ ఉంది. ఇప్పుడన్నీ కొత్త కార్లే, కంప్యూటరు తగిలించి చూడ్డమే పని. ఈమధ్య పండక్కి కఫీల్ కొత్త విల్లాకి వెళ్తే, మినీ అక్కడ ఏసీ వేసిన అద్దాల గదిలో తళతళలాడుతూ కనిపించింది. ఒక్కసారి స్టార్ట్ చెయ్యనా అని మా ఆయన ఆశగా అడిగారు. ఇంటినిండా పెట్రోలు వాసనొస్తోందని ఇంజను ఎప్పుడో తీయించేశామని చెప్పాడు కఫీల్ కొడుకు, మర్యాదగానే. స్టార్టవుతుందా లేదా అని మేమంతా ప్రాణాలు ఉగ్గబట్టుకున్న కారది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మా ఆయన అద్దం మీద చెయ్యి ఆనించి, వెళ్దాం పద, అన్నారు.