తిరగలి రాసిన పేజీ

ఆఫీసులో ఆమెను అందరూ తిరగలి అంటారు. ముఖం మీదే అంటారు, ఆమె కూడా ఏమీ అనుకోదు. కుర్చీలో కుదురుగా కూర్చుని ఒక్క పేరా పూర్తిచేసిన పాపాన పోలేదు మరి. నాలుగు మాటలు రాస్తుంది, లేచి కిటికీ దాకా వెళ్తుంది, తిరిగొచ్చి అందులో సగం కొట్టేస్తుంది. ఆమె రాసేవి కథలూ కాకరకాయలూ అయితే ఎవరికీ నష్టం లేదు. సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో ఎలా ఎక్కించుకోవాలో చెప్పే సూచనలు రాయడం ఆమె ఉద్యోగం. గదినిండా యంత్రాలు కలిసి చేసే క్లౌడ్ పనినంతా ఒకే ఒక్క యంత్రంలో ఇమిడ్చే సాఫ్ట్‌వేర్ వాళ్ళ కంపెనీది.

ఆ సూచనల పేజీ చదివినవాళ్ళు ‘ఎక్కడం లేదు’ అని రాస్తూనే ఉన్నారు. ఆమె తన యంత్రం మీద చేసి చూసింది, ఎక్కింది. పక్కసీటు ఇంజనీరు చేశాడు, ఎక్కింది. ‘‘జనం సరిగ్గా చదవరండీ, మీరు బుర్ర పాడుచేసుకోకండి’’ అన్నాడాయన. ఆమె వాక్యాలు కత్తిరించింది, బొమ్మలు పెట్టింది, అక్షరాలు పెద్దవి చేసింది. అయినా మనసు పీకుతూనే ఉంది. ఇంట్లో కూర తరుగుతూ కూడా పేజీనే చదువుకునేది లోలోపల.

సరిగ్గా అప్పుడే ఆమె అన్న భార్యకు ఉద్యోగం దొరికేలా ఉంది. పిల్లల పెంపకంలో ఏళ్ళు గడిచిపోయాక, వదిన మళ్ళీ చదువుకుని, కంప్యూటర్లు నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో అడిగింది. ‘‘సోమవారం ఆ ఒక్క యంత్రంలో ఇమిడే క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌ని మా ముందు ఎక్కించి చూపించండి, తర్వాత మాట్లాడదాం’’ అన్నాడు అక్కడి ప్రిన్సిపాల్. మన తిరగలి ఎగిరి గంతేసింది. ‘‘మా పేజీ ఉంది కదా వదినా, అందులో ఉన్నట్టు చేసుకుంటూ పో, అంతే’’ అంది ధీమాగా.

ఆదివారం పొద్దున ఫోన్ చేస్తే వదిన గొంతు పీలగా ఉంది. ‘‘నావల్ల కాదులే. రానని ప్రిన్సిపాల్‌గారికి చెప్పేస్తాను.’’ తిరగలి చెప్పులైనా సరిగ్గా తొడుక్కోకుండా బయల్దేరింది.

వదిన వాళ్ళది రెండు గదుల ఇల్లు. మంచం పక్కన బల్ల, బల్ల మీద పాత కంప్యూటర్. ‘‘నా ముందు మొదట్నించీ చెయ్యి. నేను నోరు విప్పను’’ అంది తిరగలి. అనడమైతే అంది గానీ, నోరు మూసుకోవడం ఆమెకు ఎంత కష్టమో ఆమెకే తెలియాలి. కాలుగాలిన పిల్లిలా ఆ కొంచెం చోటులోనే అటూ ఇటూ తిరిగింది. వదిన ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి చదివింది, చదివిందే చేసింది. పొల్లు పోలేదు. చివరికి తెర మీద ఎర్రగా పడింది: యంత్రం పేరు దొరకలేదు.

‘‘చూశావా, మళ్ళీ ఏదో చేసేశాను’’ అంది వదిన, పేజీలో మొదటి అంకె వేసిన సూచనకు పోబోతూ.

ఆ ఎర్ర వాక్యాన్ని తిరగలి తన ఆఫీసులో ఒక్కసారి కూడా చూడలేదు. అక్కడ కొత్త యంత్రాలను సిద్ధం చేసి ఇచ్చే టెక్నీషియన్‌కు అప్పటికప్పుడు ఫోన్ చేసింది.

‘‘మా చేతికిచ్చే ముందు నువ్వు యంత్రానికి ఏమైనా చేస్తావా?’’

‘‘పెద్దగా ఏం లేదండీ. పేరు పెట్టి, ఆ పేరు ఏ నెట్‌వర్క్ చిరునామాదో అందులోనే రాసి పెడతాను. లేకపోతే అది తనని తాను వెతుక్కోలేదు కదా.’’

‘‘ఎప్పట్నించి?’’

‘‘నేను చేరినప్పట్నించీ. అడిగినవాళ్ళెవరూ లేరు.’’

ఆఫీసులో ప్రతి యంత్రమూ ముందే స్నానం చేయించిన పిల్లలా చేతికి వస్తుంటే, స్నానం సంగతి రాయాలని ఎవరికి తడుతుంది? ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళంతా మొద్దులని అనుకున్నారు ఆఫీసువాళ్ళు. ఆమెకు సిగ్గేసింది. టెక్నీషియన్ ఫోన్లో చెప్పిన ఆ ఒక్క లైనూ వదిన చేత టైప్ చేయించింది. ఈసారి ఆగకుండా చివరిదాకా నడిచింది.

వదిన సంబరపడలేదు.

‘‘అయితే నా తప్పు కాదన్నమాట.’’

‘‘కాదు వదినా. నాది.’’

‘‘మూడు రోజుల్నించీ నేను వట్టి దద్దమ్మననుకుంటున్నాను. పిల్లల ముందు కూడా అనేశాను ఆ మాట. పేజీ పైన ‘ఎవరైనా సులువుగా చేసుకోవచ్చు’ అని నువ్వే రాశావు కదా. ఆ ఎవరైనాలోకి కూడా నేను రాననుకున్నాను.’’

తిరగలి అక్కడే మంచం అంచున కూర్చుని, తన ల్యాప్‌టాప్ తెరిచి, పేరు పెట్టే లైనును పేజీలో మొదటి అంకె కింద చేర్చింది, సులువు అన్న మాట ఉన్న వాక్యాన్ని తీసేసింది. ఈ పని చేస్తున్నంతసేపూ ఆమె ఒక్కసారి కూడా లేవలేదు.

ఈలోగా వదిన ప్రిన్సిపాల్‌కు ఫోన్ కలిపింది. ‘‘రేపు వస్తున్నానండీ, చూపిస్తాను’’ అంది. అవతల ఆయన ఏదో అడిగాడు. మధ్యలో ఆగిపోతే ఏం చేస్తారని కాబోలు.

వదిన ఆడపడుచు వంక చూస్తూనే తాపీగా జవాబిచ్చింది. ‘‘ఆగిపోతే ముందు పేజీలో ఏం తప్పుందో చూస్తానండీ.’’