మెమో మీద వేరే పేరు

జనగామలో ఇంట్లోంచే పనిచేసుకుంటూ ఒక చిన్న ట్రస్టుకి వెబ్‌సైట్ రాసిచ్చాను. నర్సింగ్ చదవాలనుకునే ఆడపిల్లలు అందులో దరఖాస్తు నింపి, ఇంటర్ మార్కుల మెమో ఫొటో ఎక్కించాలి. ఎంపికైన వాళ్ల ఫీజు ట్రస్టు కడుతుంది.

నెల తిరక్కముందే ట్రస్టు మేనేజర్ ఫోన్ చేశాడు. కేసముద్రం దగ్గర తండా నుంచి వచ్చిన ఒక దరఖాస్తులో మెమో మీద వేరే అమ్మాయి పేరుందట.

"దొంగ మెమో పెట్టిన్రు మేడం. మేం కొట్టేసినం. కానీ ఆ పిల్ల తల్లి ఇడుస్తలేదు. జర మీరొక్కసారి మాట్లాడున్రి."

తొందరలో వేరే ఫైలు ఎక్కించి ఉంటారనుకున్నాను. తప్పు వాడేవాళ్లదే అనుకోవడం మా పనిలో అలవాటు. ఆమెకు ఫోన్ చేసి అదే చెప్పబోయాను.

"నా బిడ్డ మెమో నా సంచిలనే ఉన్నది మేడం. మీరే వచ్చి సూడున్రి. దొంగదైతే గప్పుడు అనున్రి," అంది.

ఆ గొంతులో బతిమాలడం లేదు. అందుకే మర్నాడు పొద్దున్నే కేసముద్రం రైలెక్కాను.

మార్కెట్ యార్డులో ధాన్యం ఊడ్చే పని మధ్యలో ఆపి వచ్చిందామె. పక్కన కూతురు, తల వంచుకుని. ప్లాస్టిక్ కవరులోంచి తీసిన మెమో మీద పేరు ఆ అమ్మాయిదే. మార్కులూ బాగున్నాయి. దరఖాస్తు ఎక్కడ పెట్టించారని అడిగితే దగ్గర్లోని ఇంటర్నెట్ సెంటరుకు తీసుకెళ్లారు.

సెంటరు నడిపే ఆయన్ని అడిగాను, స్కాన్ చేసిన ఫైలుకు ఏం పేరు పెడతారని.

"ఏముంది మేడం, మెమో అనే పెడ్త. అందరియి గదే పేరు. జల్ది అయితది."

నిలబడ్డచోటే నాకు అర్థమైంది. ఫైలు ఏ పేరుతో వస్తే ఆ పేరుతోనే దాచేలా రాశాను నేను. అదే పేరుతో ఇంకొకటి వస్తే పాతది చెరిగిపోతుంది. ఈ అమ్మాయి తర్వాత వచ్చినవాళ్ల మెమో ఈమె మెమోని తుడిచేసి ఆ చోట కూర్చుంది.

ఇదంతా వీలైనంత తేలిక మాటల్లో చెప్పాను.

"అంటే నా బిడ్డ తప్పు లేదా?"

"లేదక్కా. మీ ఇద్దరిదీ లేదు. తప్పు నాది."

ఆమె కూతురి వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో అంది. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

"ఎవలదో కాయితం పెట్టినవని నాలుగు దినాలసంది దీన్ని తిట్టిన," అంది తల్లి నాతో. "సదువుకున్నోళ్లు రాసిన దాంట్ల తప్పుంటదని నాకెట్ల ఎరుక?"

సాయంత్రం రైలుకే ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ఎవరు ఏ పేరుతో పంపినా ప్రతి ఫైలుకూ సర్వరే విడిగా ఒక కొత్త పేరు పెట్టేలా ఆ రోజే మార్చాను. కొట్టేసిన దరఖాస్తును ట్రస్టు మళ్లీ తీసింది. మేనేజరే ఫోన్ చేసి ఆమెకు క్షమాపణ చెప్పాడు. అమ్మాయి మహబూబాబాద్‌లో నర్సింగ్‌లో చేరింది.

చెరిగిపోయిన మెమోలు ఇంకా కొన్ని ఉన్నాయి. ఆ అమ్మాయిల ఇళ్లకు ఒక్కొక్కటిగా నేనే ఫోన్ చేసి, తప్పు ఒప్పుకుని, మళ్లీ పంపమని అడిగాను. అందరూ పంపారు, మహదేవపూర్ వైపు ఒక ఊళ్లోని అమ్మాయి తప్ప. ఆ నంబరు పనిచేయడం లేదు. దరఖాస్తులో ఉన్న చిరునామాకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఎవరిదో మెమో పెట్టిందని తననూ ఎవరైనా తిట్టారేమో, నాకు తెలియదు.