నాలుక కింద పెట్టని గోలీ

మా చిన్నమ్మ మొన్న శుక్రవారం ఉదయం, బాన్సువాడలోని తన ఇంట్లో కన్నుమూశారు. అప్పటికే చాయ్ తాగి, పక్కింటి అమ్మాయి చుట్టిన బీడీకి వంక కూడా పెట్టారట. ఆ కబురు విన్నప్పుడు నాకు దుఃఖంతో పాటు ఒక తృప్తి కూడా కలిగింది. డాక్టర్లు భయపెట్టినదానికన్నా ఎన్నో ఏళ్లు ఎక్కువగా, తనకు నచ్చినట్టు ఆమె జీవించారు.

ఆమె జబ్బు పేరు మా వీధిలో ఎవరికీ నోరు తిరిగేది కాదు. గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తాన్ని తీసుకుపోయే నాళాల్లో పీడనం పెరిగిపోవడమే ఆ జబ్బు. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీలో అది కనిపించదు. అందుకే చుట్టాలు, "బీపీ మంచిగనే ఉన్నదంట, మరి గీ దమ్మేందక్కా?" అని ఆశ్చర్యపోయేవారు. పొగాకు దుమ్ముకు దూరంగా ఉండమని డాక్టరు చెప్పిన తరువాత చిన్నమ్మ బీడీలు చుట్టడం మానేశారు. గడపలో కూర్చొని ఇతరుల బీడీలకు వంకలు పెట్టడం మాత్రం మానలేదు. మాట మధ్యలో ఆయాసం వస్తే చేయెత్తి, "ఆగుండ్రి, తిట్టుడు ఇంకా అయిపోలే" అనేవారు.

హైదరాబాదు డాక్టరు ఆమెకు రోజూ మింగడానికి రాసిచ్చిన మందు సిల్డెనాఫిల్. అది ఊపిరితిత్తుల నాళాలను సడలిస్తుంది. లోకానికి మాత్రం అది మగవారి మాత్రగానే తెలుసు. మందుల దుకాణంలో కొత్తగా చేరిన యువకుడు చీటీ చూసి ముసిముసిగా నవ్వుతూ, "ఇంట్ల పెద్దాయనకా అవ్వా?" అన్నాడు. నేను పక్కనే బిగుసుకుపోయి నిలబడ్డాను.

"మా పెద్దాయన పోయి ఏండ్లాయె బిడ్డా. గిది నా ఊపిరికి. నవ్వుడైనంక ఇయ్యి, నాకేం తొందర లేదు" అన్నారు చిన్నమ్మ.

నేను పగలు రైసు మిల్లులో పనిచేసి, రాత్రి బడిలో చదివి డిగ్రీ పొందినవాణ్ణి. డాక్టరు చెప్పిన జాగ్రత్తలను ఆమెకు మళ్లీ మళ్లీ వివరించే బాధ్యత నాదే. ఎవరినీ అడగకుండా మాత్ర ఆపకూడదు. ఏ దవాఖానకు వెళ్లినా ముందుగా ఈ మాత్ర సంగతి చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రను దీనితో కలిపి ఎన్నడూ వాడకూడదు. రెండూ కలిస్తే రక్తపోటు ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది. ఆమె శ్రద్ధగా విని, "రాత్రి బడిల చదివి వచ్చి, నన్ను పగలంతా చదివిస్తుండు" అని వీధిలో అందరికీ చెప్పేవారు. ఆ మాట నాకు డిగ్రీ పట్టాతో సమానంగా ఉండేది.

ఒకసారి పెద్ద కొడప్‌గల్‌లో, చుట్టాల ఇంట పసిపాప తొట్టెల వేడుకకు వెళ్లాం. మేడ మెట్లెక్కిన చిన్నమ్మ ఛాతీ పట్టుకొని కూలబడ్డారు. మా నాయినకు గుండెజబ్బు. నాలుక కింద పెట్టుకునే మాత్రలు ఆయన అంగీ జేబులో ఎప్పుడూ ఉంటాయి. మరదలంటే ఆయనకు ప్రాణం. వెంటనే ఒక మాత్ర తీసి ఆమె పెదవుల దగ్గర పెట్టారు.

"నోరు తెరువు పిల్లా. నన్ను బతికిచ్చిన గోలీ ఇది."

చిన్నమ్మ పళ్లు బిగించి తల అడ్డంగా ఊపారు. నేను నాయిన చేయి పట్టుకున్నాను.

"వద్దు నాయినా. ఆమె మందుకు అది పడది."

"రెండచ్చరాలు చదివి నాకే అడ్డమొస్తున్నవారా? మనిషి పోతుంటే నీ చదువేంది!"

చుట్టూ చేరినవారు కూడా, "ఏసుకో అక్కా, పెద్దాయన మాట తియ్యకు" అన్నారు. అంత మంది ప్రేమ ఒక్కసారిగా ఆమె మీద ఒరిగింది. చిన్నమ్మ ఊపిరి కూడదీసుకొని, "బావా... నీ గోలీ నీకే. నన్ను... దవాఖానకు తోలుకపో" అన్నారు.

"నా చెయ్యి గంత చేదయిందా నీకు?" నాయిన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆటోలో బాన్సువాడ దవాఖానకు చేర్చాం. ఆక్సిజన్ పెట్టబోతుంటే చిన్నమ్మ ఆగమని సైగ చేసి, ముందుగా తన మాత్రల స్ట్రిప్పును డాక్టరుకు చూపించారు. సంగతంతా విన్న డాక్టరు మా నాయిన వైపు తిరిగి, "ఆ గోలీ మీకు మంచిదే పెద్దాయనా. ఈమెకు పెడితే ఇక్కడిదాకా ప్రాణంతోటి వచ్చేదో లేదో" అన్నారు. నాయిన వెళ్లి వరండా చివరి బల్ల మీద కూర్చున్నారు.

మరునాడు ఉదయం ఇంటికి పంపించారు. బస్టాండు దగ్గర చెరుకురసం బండి కనిపించగానే చిన్నమ్మ ఆటో ఆపించారు. "రెండు గుక్కలే" అన్నాను. నీళ్లయినా, రసమయినా ఆమె మితంగానే తాగాలి. నాయిన దిగి, గ్లాసు తెచ్చి, ముఖం పక్కకు తిప్పుకొని అందించబోయారు. చిన్నమ్మ దాన్ని అందుకోలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకొని నోరు తెరిచారు.

"పట్టు బావా."

ఆయన గ్లాసు వంచారు. రసం కొంత ఆమె గడ్డం మీదుగా కారింది. రెండు గుక్కలు మింగి ఆమె ఆగిపోయారు. మా నాయిన మిగిలిన గ్లాసును ఒక చేత్తో అలాగే పట్టుకొని, రెండో చేత్తో తన కండువా అంచు తీసి, ఆమె గడ్డం తుడుస్తూ నిలబడ్డారు.