కూత పెట్టిన తీగచుట్ట

ఆ రోజుల్లో మా దగ్గర కరెంటు వస్తూ పోతూ ఉండేది గానీ, కోపం మాత్రం ఇరవై నాలుగు గంటలూ ఉండేది. ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్ల మీదే వండుకుని, రోడ్ల మీదే తిని, బస్సులు ఆగితే సంబరపడి, కాలేజీలు మూస్తే ఇంకాస్త సంబరపడిన వయసు మాది. జనగామలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతున్న నాకు అందరి కోపంతో పాటు సొంతానికి మరో చిన్న కోపం ఉండేది. దానికి కారణం మా ల్యాబు సారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి. నాకు మెటల్ డిటెక్టర్ తయారు చేసే పని అప్పజెప్పాడు. ప్లాస్టిక్ పళ్లెం చుట్టూ రాగి తీగ చుట్టి, నాలుగు పార్టులు అతికించి తీసుకెళ్తే అది కిక్కురుమనలేదు. "సార్, గిది మోగుతలేదు" అన్నాను. ఆయన నవ్వి, "ముందు నీ తెలుగు రిపేరు చేసుకో అమ్మాయ్, దీని సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ముందు బెంచీల వాళ్లు నవ్వారు. (మా తండాలో ఇంట్లో మాట్లాడేది లంబాడీ. తెలుగు నేను బడికెళ్లి కష్టపడి నేర్చుకున్నది. ఆ కష్టాన్ని ఆయన ఒక్క ముక్కలో రిపేరుకు పంపేశాడు.) ఇది మోగి తీరాలి, ఎట్లా మోగిందో ఆయనకు నా మాటల్లోనే చెప్పాలి అని అక్కడే అనుకున్నాను.

ఇంతలో సమ్మె వచ్చి కాలేజీ మూతపడింది. పళ్లెం సంచిలో వేసుకుని మహబూబాబాద్ దగ్గరి మా తండాకు చేరాను. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ఆయనా సమ్మెలోనే ఉండి మా ఇంట్లో దిగాడు. బాయిలో దిగని మనిషికి పొద్దు గడవదు. తన రేడియో నా చేతిలో పెట్టి అసిస్టెంటుగా చేరిపోయాడు. నేను నేర్చుకున్న కిటుకు ఇంతే: తీగచుట్ట నుంచి చెవికి అందని ఒక అల బయల్దేరుతుంది, దాన్ని రేడియో పట్టుకుని సన్నగా కూస్తుంది, చుట్ట దగ్గరికి లోహం వస్తే ఆ కూత మారుతుంది. పుస్తకంలో ఇది అరపేజీ. మా ఇంటి ముందు మాత్రం రోజుల తరబడి నిశ్శబ్దం. "బ్యాటరీకి ఆకలైతుందేమో" అని మామ సలహా ఇచ్చేవాడు. చివరికి విసుగెత్తి, తీగ కొస తెంపి బ్లేడుతో గీకేసరికి లోపల తళతళలాడే రాగి బయటపడింది. ఇన్నాళ్లూ నేను రాగి అనుకుని అతికించింది పైన పూసిన, కరెంటు పోనివ్వని వార్నీషుని! గీకి మళ్లీ అతికించగానే రేడియో కుయ్యిమంది. మామ ఎగిరి గంతేశాడు. చూద్దామని అమ్మ వంగి చేయి పెట్టేసరికి, ఆమె కడియాలకీ గాజులకీ కూత కీచుమని పైకి లేచింది. "నన్ను చూస్తే ఏడుస్తుందేమే ఇది?" అని అమ్మ నొచ్చుకుంది.

దీన్ని మహబూబాబాద్ దీక్షా శిబిరంలో అందరికీ చూపించాలని మామకు ఆత్రం. బండి మీద వెనక నేను, నా ఒళ్లో కర్రకు కట్టిన పళ్లెం, వేలాడే తీగలు, బ్యాటరీ, రేడియో. దారిలో ఒకచోట పోలీసులు ఆపారు. "ఏంది గిది?" అన్నాడు కానిస్టేబులు. మామ ఛాతీ విరుచుకుని, "బాంబులు పట్టేది సార్" అన్నాడు. ఆయన చెవికి మొదటి మాట ఒక్కటే చేరింది. కాసేపటికి మేమిద్దరం స్టేషన్ బెంచీ మీద ఉన్నాం.

"ఏంటిది? సరిగ్గా తెలుగులో చెప్పు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "గిది తెలుగే సార్. సమజ్ గాకపోతె మల్ల చెప్త" అన్నాను. (మామ కళ్లు మూసుకున్నాడు.) చేసి చూపిద్దామని స్విచ్ వేశాను. ఆ గదిలో బల్ల ఇనుము, బీరువా ఇనుము, కుర్చీ ఇనుము. పళ్లెం ఎటు తిప్పినా ఒకటే అరుపు. "ఇదేం యంత్రం, ఊరికే ఏడుస్తోంది!" అన్నాడాయన. బయట మట్టిలో చూపిస్తానని ఆవరణలోకి తీసుకొచ్చాను. పొద్దున్నే దీక్షకు వచ్చి కూర్చున్న అమ్మ, సరిగ్గా అప్పుడే కబురందుకుని శిబిరంలోని ఆడవాళ్లని వెంటేసుకుని వచ్చింది. "నా బిడ్డ ఏం జేసిందని తెచ్చిన్రు?" అంటూ పళ్లెం గుంజుకోబోయింది. చేయి తగిలీ తగలకముందే రేడియో కీచుమంది. అమ్మ చేయి వెనక్కి తీసింది, కూత తగ్గింది. మళ్లీ పెట్టింది, మళ్లీ కీచు. కానిస్టేబుళ్లు నవ్వాపుకోలేకపోయారు. ఇన్‌స్పెక్టరు మీసం చాటున నవ్వి, "సరే, వెళ్లండి. ఇది మాత్రం ఇక్కడే ఉంటుంది" అన్నాడు.

"అట్లయితె నేను గూడ ఈడనె ఉంట" అని నేను పళ్లెం పట్టుకుని నేల మీద కూర్చున్నాను. నా పక్కన అమ్మ కూర్చుంది. మామ కూర్చున్నాడు. వెంట వచ్చిన ఆడవాళ్లంతా కొంగులు దోపుకుని వరసగా కూర్చున్నారు. ఆ రోజుల్లో నలుగురు కూర్చుంటే అది దీక్ష. ఎవరో నినాదం అందుకునే లోపే తన స్టేషన్‌లోనే శిబిరం వెలుస్తుందని ఆయనకు అర్థమైపోయింది. "తీసుకుపో తల్లీ, ముందు లేవండి అందరూ!" అన్నాడు.

కాలేజీ తెరిచాక సారు ముందు నిలబడి, "లోహం దగ్గరికి రాంగనె చుట్ట తీరు మారుతది సార్, గందుకె కూత మారుతది" అని మొదలుపెట్టి, ఒక్క మాట కూడా దిద్దుకోకుండా చివరిదాకా చెప్పాను. ఆయన నవ్వలేదు. "వార్నీషు సంగతి ఎలా తెలిసింది?" అని మాత్రం అడిగాడు. "కోపమొచ్చి గీకితె తెలిసింది సార్" అన్నాను. మార్కులు అంతంతమాత్రంగానే వేశాడు.

ఇప్పుడు నేను ఆఫీసుల గుమ్మాల్లో నిలబెట్టే డిటెక్టర్ గేట్లు బాగుచేస్తుంటాను. ఎవరైనా కాస్త గొంతు పెంచితే "అలాగేనండీ" అనేసి సర్దుకుపోతాను. సెక్యూరిటీ మనిషి అడగకముందే సంచి విప్పి చూపిస్తాను. ఒక్కోసారి ఆ గేటు దాటుతుంటే, పళ్లెం ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్న ఆ పిల్ల నన్ను చూస్తున్నట్టు అనిపిస్తుంది. ఆమె అంటే నాకు ఇప్పటికీ కొంచెం భయం, చాలా ఇష్టం.