మొన పైకి పెట్టిన గుడ్లు

మావయ్య పోయాడని పోయిన వారం అత్త ఫోన్ చేసింది. "మిషన్లో గుడ్లున్నాయి. వచ్చినోళ్లెవరూ దాని తలుపు తియ్యొద్దని నువ్వే సెప్పాలి" అని కూడా అంది.

తుఫానుకు ఉద్దానంలో కొబ్బరి తోటలు కూలిన తర్వాత మావయ్య నాటుకోడి గుడ్లు పొదిగించే మిషన్ పెట్టాడు. అంతకుముందు ఆయన పని కొబ్బరి మొక్కలు పెంచడం. మొలక తొడిమ వైపు నుంచి వస్తుంది కాబట్టి కాయను తొడిమ పైకి ఉంచి పాతేవాడు. గుడ్లను కూడా అదే చేత్తో, పిల్ల మొన వైపు నుంచే వస్తుందనుకుని, సన్నటి మొన పైకి ఉండేలా ట్రేల్లో పేర్చాడు.

గుడ్లలోంచి పిల్లలు దాదాపు ఏవీ లేవలేదు.

"కోడిపెట్ట బుట్టలో కూకుని లేపుతాది. నీకు కరెంటెట్టినా లేవలేదేటి? ఇంకోపాలి ఇలాగైతే మిషను వీధిలో పడేసి, నాను పలాస జీడి ఫ్యాక్టరీకి ఎల్లిపోతాను" అంది అత్త. అన్నంత పనీ చేసే మనిషి.

మావయ్య మిషన్ అమ్మినవాణ్ని తిట్టలేదు. పెరట్లో పీట వేసుకుని, పిల్ల లేవని గుడ్లన్నీ పగలగొట్టి చూశాడు. వాసనకు మేం దూరంగా నిలబడ్డాం.

"ఒరే, ఇలారా. తల ఎటుందో సూడు" అని నన్ను పిలిచాడు.

గుడ్డు లావు వైపున గాలి ఉంటుంది. పిల్ల అక్కడే ముక్కుతో పొడిచి మొదటి ఊపిరి తీసుకోవాలి. వీటి తలలు సన్నటి మొనలో ఇరుక్కున్నాయి. గాలి కాళ్ల వైపు ఉండిపోయింది.

"కొబ్బరికాయనుకున్నాన్రా" అని నవ్వాడు. తన తప్పు ఊరంతా తనే చెప్పాడు. టీకొట్టు దగ్గర ఎవరైనా "ఏటి మావా, గుడ్డుకి మొక్కొచ్చిందేటి?" అంటే, "ఆకేసినాక పిలుత్తాను, రా" అనేవాడు. గుడ్లు పొదిగించుకోవడానికి వచ్చినవాళ్లకు ముందుగా చెప్పింది కూడా ఆ తప్పే. అలా చెప్పగలిగిన మనిషిని నేను ఆయన్నొక్కణ్నే చూశాను.

తర్వాతి విడత లావు వైపు పైకి పెట్టాడు. పిల్ల పెంకుకు అంటుకోకుండా పూటపూటా ట్రేలు అటూ ఇటూ వంచాడు. చివర్లో అదీ మానేశాడు. "తల పెట్టుకునే సోటు ఎతుక్కుంటాది. ఇప్పుడు కదపకూడదు" అన్నాడు.

పిల్లలు లేవాల్సిన రోజు దాటింది. మర్నాటి పొద్దున అత్త క్యారేజీ కట్టుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. అప్పుడు మిషన్లోంచి సన్నగా కూత వినిపించింది. ఒక గుడ్డు లావు వైపు చిట్లింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ జరగలేదు.

"కాస్త గిల్లయ్యా, సచ్చిపోతాది" అంది అత్త.

"వద్దే. దాని పని అది సేసుకుంటాది."

అలా అన్నాడు గానీ, రెండు చేతులూ చంకల్లో గట్టిగా బిగించుకున్నాడు. ఫ్యాక్టరీ ఆటో వచ్చి హారన్ కొట్టింది. అత్త చెప్పులతోనే లోపలికొచ్చి, ఆయన పక్కన గొంతుక్కూర్చుంది. పగులులోంచి చిన్న ముక్కు బయటికొచ్చి, కాసేపు ఆగి, మళ్లీ పొడిచింది.