పేరు లేని చీటీలు

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమదినాల్లో మా చర్చి వాళ్లు ఏటా నడుస్తారు. జమ్మికుంట పక్కన మా ఊరి నుంచి బయలుదేరి, గోదావరి దాటి, లక్సెట్టిపేట అవతల పొలాల మధ్య ఉన్న పాత రాతి చర్చి దాకా ఐదు రోజుల నడక. ఆ ఏడు నేనూ పోయాను.

మా ఇంటాయన ముప్పై ఏళ్లు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేశాడు. చలికాలం నుంచి దగ్గు పట్టుకుంది. కరీంనగర్‌లో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తిలోంచి చిన్న ముక్క తీసి హైదరాబాద్‌కు పంపాడు. ఏం రోగమో పది రోజులకు తెలుస్తుందన్నాడు. ఆ పది రోజులు ఇంట్లో కూర్చుని ఆ దగ్గు వినడం నా వల్ల కాలేదు. ఆయనే పొమ్మన్నాడు.

"నడువు పో. నువ్వు ముంగట కూసోని చూస్తుంటే నాకు ఇంక దగ్గొస్తది."

తోటికోడలు ఆయనకు వండి పెడతానంది. ఆయన అక్క, నాకు వదిన, నాతో బయలుదేరింది. ఆమె చర్చికి రాదు, ఆమె మొక్కులన్నీ వేములవాడ రాజన్నకే. తమ్ముడి కోసమని వచ్చింది.

నడవలేని వాళ్లు తమ కోరికలు చీటీల మీద రాయించి, నడిచే వాళ్ల చేతికి ఇస్తారు. చివరి రోజు చర్చిలో ఒక్కో చీటీ పైకి చదివి, అందులో ఉన్న మనిషి కోసం అందరూ ప్రార్థన చేస్తారు. ఆ ఏడు మా వాడలో చీటీలు నేనే రాశాను. అంతకు రెండేళ్ల ముందు, మనవలు పుట్టాక, మధ్యాహ్నాలు పాస్టరమ్మ దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. చదువుకున్న పిల్లలతో ఇంటి సంగతులు రాయించాలంటే ఆడవాళ్లకు సిగ్గు. నేనైతే వాళ్ల ఈడుదాన్ని. వాళ్లు చెప్పినవి చెప్పినట్టే రాశాను. మా ఇంటాయన తాగుడు మానాలె. మా ఇంటాయనకు నడుము నొప్పి తగ్గాలె. అట్లాంటివి పంతొమ్మిది. ఇరవయ్యోది నాది.

పొద్దు పొడవక ముందే నడక మొదలయ్యేది. ముందు ఒకాయన కట్టె సిలువ ఎత్తుకునేవాడు, వెనక మేము ముప్పై మందిమి. సగం దారి కాలువ గట్టు మీద, సగం ఊళ్ల మధ్య. ఎటు తిరగాలో తెలియడానికి కరెంటు స్తంభాల మీద సున్నంతో బాణం గుర్తులు వేసి ఉండేవి. పసుపు ఉడకబెడుతున్న కళ్లాల వాసన మైళ్ల కొద్దీ మా వెంట వచ్చింది. రెండో రోజుకు నా ఎడమ మడమ మీద బొబ్బ లేచి చితికింది. వదిన తన కొంగు చింపి కట్టింది.

ఒక కళ్లం దగ్గర ముసలాయన మమ్మల్ని ఆపాడు.

"కొండగట్టుకా పోతున్నరు?"

"కాదే, ఏసయ్య గుడికి," అంది వదిన, తనదే ఆ గుడి అన్నట్టు.

"ఏ గుడికైతేంది, కాళ్లు నొయ్యవా? కూసోండ్రి. జర సల్ల తాగి పోండ్రి."

మూడో రోజు ఎండ ముదిరాక ఇప్పచెట్ల కింద ఆగాము. పాస్టరయ్య చీటీల సంచి విప్పి ఒక్కొక్కటే చూశాడు. చూస్తూ చూస్తూ నవ్వు మొదలుపెట్టాడు.

"అమ్మా, ఈ 'మా ఇంటాయన' ఎవలే? పదమూడు చీటీలల్ల ఉన్నడు. ఊరందరికి ఒక్కడేనా?"

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు అప్పటిదాకా అది తప్పని తట్టనే లేదు. మా దగ్గర పెళ్లాం మొగుడి పేరు పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందంటారు. వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు.

"పేరు లేకుంటే దేవునికి తెల్వదా?" అని వదిన పాస్టరయ్య మీదికి పోయింది.

"దేవునికి తెలుసు తల్లీ. ప్రార్థన జేసెటోళ్లకు తెల్వాలె గద."

చీటీలు రాయించిన ఆడవాళ్లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాము. ఒకామె తన మొగుడి పేరు చెప్పడానికి చాలాసేపు తిప్పలు పడింది.

"నా నోటికెల్లి రాదక్కా. గదే, గిప్పుడు మీరు దాటొచ్చిన గుట్ట మీదున్న దేవుడు."

పాస్టరయ్య నవ్వు ఆపుకుని ఆ దేవుడి పేరు నాతో రాయించాడు. ఇంకొకామె, మా పిల్లగాడు బడికెల్లి రానియ్యి, వాడు చెప్తడు అంది. పొద్దు వాలేసరికి పన్నెండు చీటీల మీద పేర్లు ఎక్కాయి. నాది మిగిలింది.

కలం పట్టుకుని కూర్చున్నాను. పేరు లేకపోతే ఆయన కోసమని ఎవరూ అడగరు. పేరు తీస్తే ఉన్న ఆయుష్షు తరుగుతుంది. ముక్క హైదరాబాద్‌లో ఉంది. వదిన నా చేతి వంకే చూస్తోంది.

"రాస్తవా ఏంది?"

"రాస్త. పేరు అనొద్దని మీ అవ్వ చెప్పింది గని, రాయొద్దని చెప్పలే."

"రాసుడు గూడ అనుడే. మా అవ్వకు రాయొస్తె గది గూడ చెప్పేది."

అది నిజమే, మా అత్తకు అక్షరం ముక్క రాదు. అయినా రాశాను. ఇంటిపేరు, పక్కన నాలుగు అక్షరాలు. మడిచి సంచిలో వేశాను. వదిన ఆ పూట నా పక్కన తినలేదు.

ఐదో రోజు మధ్యాహ్నానికి రాతి చర్చి చేరాము. లోపల చల్లగా, మసకగా ఉంది. చెప్పులు విడిచిన పాదాలకు బండలు హాయిగా తగిలాయి. పాస్టరయ్య బలిపీఠం ముందు నిలబడి మొదటి చీటీ తీశాడు. దగ్గరగా పట్టుకున్నాడు, దూరంగా పట్టుకున్నాడు, కిటికీ వైపు తిరిగాడు.

"ఎండల చదివిన గని, ఈ చీకట్ల నీ రాత నాకు అంతు పడతలేదమ్మా. రాసినదానివి నువ్వే వచ్చి చదువు."

ఇది నేను అనుకోలేదు. రాస్తే చాలు, చదివేది ఆయన కదా అనుకున్నాను. లేచి పోయాను. వదిన నా వెనకే వచ్చి నిలబడింది. పన్నెండు మంది ఆడవాళ్లు పలకని పన్నెండు పేర్లు నేను పలికాను. అందరూ ఒక్కో పేరుకు తలలు వంచారు. ఇరవయ్యో చీటీ విప్పేసరికి వదిన నా మోచేయి పట్టుకుంది.

"ఇటియ్యి. నా తమ్ముడు, పేరు నేను అంట," అంది చెవిలో.

ఆమె అనొచ్చు, అక్క కాబట్టి. నాకు పోయేదేమీ లేదు. కానీ ఆ చీటీ నేను ఐదు రోజులు మోసింది, రాసింది నేను. ఆమె చేయి విడిపించుకుని చదివాను. పేరు, ఇంటిపేరుతో సహా. నా గొంతు రాళ్లకు తగిలి నాకే తిరిగి వినిపించింది. ఎవరికీ ఏమీ కాలేదు. తలలు వంచారు, అంతే.

తిరిగి వచ్చే బస్సులో వదిన కిటికీ వైపు కూర్చుంది. గోదావరి వంతెన మీద నీళ్లలోకి రూపాయి బిళ్ల విసిరి దండం పెట్టింది.

నాలుగు రోజులకు రిపోర్టు వచ్చిందని ఫోన్ చేశారు. ముగ్గురం ఆస్పత్రికి పోయాము. ఆయన గోడ పక్క బెంచీ మీద కూర్చున్నాడు. నేనూ వదినా కిటికీ దగ్గరికి వెళ్లాము.

"పేషెంటు పేరేంది?" అంది లోపలి పిల్ల, తలెత్తకుండా.

ఎప్పుడూ వదినే చెప్పేది. ఈసారి ఆమె నోరు తెరిచేలోపే నేను చెప్పాను. కిటికీ అద్దం అడ్డం ఉందని గట్టిగా చెప్పాను. బెంచీ మీద ఆయన ఉలిక్కిపడి, ఎవరు పిలిచారా అని తలుపు వైపు చూశాడు.

డాక్టరు కవరు విప్పి, భయపడినంత రోగం కాదన్నాడు. ఆర్నెల్లు మందులు మింగాలి, సాంచెల దుమ్ములోకి పోవద్దు. నేను మందుల పేర్లు రెండుసార్లు చదివించుకున్నాను.

ఆటోలో ఆయన అడిగాడు. "లోపట నన్ను పిలిచింది ఎవలు?"

"ఇంకెవలు? నీ పెండ్లామే," అంది వదిన.

ఆయన రోడ్డు వైపు తిరిగాడు. ఒకసారి దగ్గాడు.

"జర మెల్లగ అనరాదా? అందరు నా దిక్కే చూసిండ్రు."